అరకి మూడోవంతు కలిపితే

“అర రొట్టెకి మూడోవంతు రొట్టె కలిపితే ఎంతవుతుంది? చెప్పమ్మా సలోమీ,” అన్నాడు వీర్రాజు, చేతిలో సుద్దముక్క తిప్పుతూ.

సలోమి నుదుటి చుట్టూ బూడిదరంగు పట్టీ ఉంది. లెక్కల్లో డిగ్రీ చేసి, లెక్కల టీచరు కావాలని బి.ఇడి.లో చేరిన పిల్ల. ఆ క్షణాన మాత్రం బోర్డు మీది అంకెలకేసి వాటిని ఎన్నడూ ఎరగనట్టు చూస్తోంది. పెదవులు కదుపుతూ వేళ్ళు మడిచింది.

“పైన ఒకటీ ఒకటీ రెండు. కింద రెండూ మూడూ ఐదు. రెండు బై ఐదు సార్!”

తనంతట తాను కనిపెట్టినదన్న సంతోషం ఆమె మొహమంతా పరుచుకుంది.

“వెరీ గుడ్!” అన్నాడు వీర్రాజు తల ఊపుతూ. “చాలా బాగా చెప్పావు. క్లాసంతా చప్పట్లు కొట్టండి.”

క్లాసంతా చప్పట్లు కొట్టింది. వెనక బెంచీలో కూర్చున్న సుభాషిణి పరిశీలన కాగితం మీద ఇంకో టిక్కు పెట్టింది. ఆవేళ వీర్రాజు సాధన చేస్తున్నది ప్రోత్సాహక నైపుణ్యం. పిల్లల్ని ఎన్నిసార్లు మెచ్చుకున్నాడు, ఎన్నిసార్లు చిరునవ్వు నవ్వాడు, ఎన్నిసార్లు తల ఊపాడు అన్నదాన్ని బట్టి మార్కులు. టిక్కు పెట్టేశాక ఆమె చెయ్యి ఆగింది. కానీ వీర్రాజు అప్పటికే తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాడు.

గంట కొట్టారు. పట్టీ తీశారు. సలోమి ఒక్కసారి కళ్ళు నులుముకుంది. బోర్డు చూసి ఫక్కున నవ్వింది.

“ఛీ, ఐదు బై ఆరు కదా! ఒరేయ్ వీర్రాజూ, తప్పు చెబితే వెరీ గుడ్ అంటావా?”

“ఆయ్, నేను విన్లేదు,” అన్నాడు వీర్రాజు నాలిక కరుచుకుని. “ఎన్ని వెరీ గుడ్‌లయ్యాయో లెక్కెట్టుకుంటున్నాను.”

అందరూ నవ్వారు. సుభాషిణి కూడా నవ్వింది. ఆ నవ్వుల మధ్యలోనే సలోమి నవ్వడం మానేసి మళ్ళీ బోర్డుకేసి చూసింది.

“మేడమ్,” అంది నెమ్మదిగా. “రెండు బై ఐదు కూడా కరెక్టే కదండీ?”

* * *

కాకినాడలోని ఆ విద్యా కళాశాలలో ప్రతి విద్యార్థికీ ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో సలహాదారుగా ఉంటారు. ఏ సబ్జెక్టు మెథడ్‌గా తీసుకోవాలి, ఏ బడిలో బోధనాభ్యాసం చెయ్యాలి, టీచరు ఉద్యోగానికి డీఎస్సీ పరీక్షకి ఎలా చదవాలి, మానేద్దామనిపిస్తే మానాలా వద్దా, అన్నీ వాళ్ళతోనే చెప్పుకుంటారు. సుభాషిణి ఆ పని ఇరవై ఏళ్ళకి పైగా చేస్తోంది. ఆమె గదిలోంచి ఏ విద్యార్థీ సమాధానం లేకుండా బయటికి పోలేదని పేరు.

సూక్ష్మబోధన క్లాసులంటే మాత్రం ఆమెకి మొదటినుంచీ ఒక అసంతృప్తి. ఒకరు టీచరవుతారు, మిగతావాళ్ళు ఆరో తరగతి పిల్లల్లా నటిస్తారు. పాతికేళ్ళవాళ్ళు రెండు జడలు ముందుకి వేసుకుని “ప్రెజెంట్ సార్” అంటారు. కానీ ఏది అడిగినా సరైన జవాబే చెబుతారు. రానట్టు నటించడం వచ్చినవాడికి ఎంత కష్టమో ఆమె ఏటా చూస్తూనే ఉంది. అలా తయారైన టీచరు నిజం బడికి వెళ్ళి, నిజంగా రాని పిల్ల ఎదురైతే బిక్కమొహం వేస్తాడు.

అందుకే పక్క భవనంలో మెదడు మీద పరిశోధన చేసే ఆనందవర్ధన్ ఆ పట్టీ తెచ్చి చూపించినప్పుడు అందరికంటే ముందు ఒప్పుకున్నది ఆమే. అది నేర్చుకున్న ఒక్క సంగతి మీద నలభై నిమిషాలు తెర కప్పుతుంది. తెర తీస్తే సంగతి ఎక్కడిదక్కడే ఉంటుంది. ముందు తనే పెట్టించుకుంది. ఏడో ఎక్కం పోయింది. ఆ కాసేపూ ఆనందవర్ధన్ ఇచ్చిన టీ తాగుతూ కిటికీలోంచి కాకుల్ని చూసింది. తెర తీశాక ఏడో ఎక్కం గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది.

ఇప్పుడు సలోమిని ఆనందవర్ధన్ దగ్గరికి తీసుకెళితే, అతను ఆమె తలకి తీగలు అంటించి, కంప్యూటరులో గీతలు రెండుసార్లు సరిచూసుకున్నాడు.

“పాతది చెక్కుచెదరలేదండీ. పక్కనే కొత్తది ఒకటి మొలిచింది. తెర ఉండగా ఈ అమ్మాయికి ఎవరైనా ఏమైనా నేర్పారా?”

“నేర్పక?” అంది సుభాషిణి.

“మా పరీక్షల్లో ఎవరికీ ఎవరూ ఏమీ నేర్పలేదండీ. కూర్చోబెట్టి టీ ఇచ్చాం, అంతే. నలభై నిమిషాలు ఊరుకోలేకపోయారా?”

“ఇది టీచర్లని తయారుచేసే కాలేజీ నాయనా. రాదన్నవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఊరుకుంటామా?”

ఆనందవర్ధన్ తల పట్టుకున్నాడు. ఖాళీగా ఉన్న చోట పడ్డ మొదటి పాఠం గట్టిగా పాతుకుంటుందన్నాడు. పైగా దానికి మెప్పు కూడా దొరికింది. చప్పట్లు దొరికాయి.

“పోనీ, రెండిట్లో ఏది సరైనదో పిల్లకి తెలుస్తుందా?”

“పద్ధతి ప్రకారం చేస్తే తెలుస్తుంది. తెలిసినా నమ్మకం కలగదు. రెండూ ఒకేలా నిజమనిపిస్తాయి.”

* * *

ఆ సాయంత్రం సుభాషిణి ఉప్మా చెయ్యబోయి, రవ్వ డబ్బాలో గిన్నె ముంచి అలాగే నిలబడిపోయింది. ఒకటిన్నర గిన్నెల రవ్వకి నీళ్ళెన్ని? రోజూ చేసే పనే. కానీ ఒక అరకి ఇంకో అర కలపాల్సి వచ్చేసరికి సలోమి మొహం కళ్ళముందుకొచ్చింది. తను కలిపేది సరైనదేనని తనకెలా తెలుసు? ఎవరో ఎప్పుడో చిన్నప్పుడు “వెరీ గుడ్” అన్నారు కాబట్టేగా?

“ఏంటోయ్, ఊరందరికీ సలహాలిచ్చే మనిషివి రవ్వ డబ్బాని సలహా అడుగుతున్నావా?” అన్నాడు భర్త గోపాలం, వంటింటి గుమ్మంలో నిలబడి.

“అరకి మూడోవంతు కలిపితే ఎంతండీ?”

“దేంట్లో అర?”

“దేంట్లోనైనా.”

“దేంట్లోనైనా అయితే నాకెందుకు? ఉప్మాలో అయితే చెప్పు, సగం నాది.” ఆమె నవ్వలేదు. అతను ఒక్కక్షణం చూసి లోపలికొచ్చి స్టవ్ కట్టేశాడు. “ఏం జరిగింది?”

చెప్పింది. అంతా విని, “అయితే ఆ పిల్లని సైన్సు మెథడ్‌కి మార్చెయ్. గొడవ వదులుతుంది,” అన్నాడు.

నిజమే, నిన్నటిదాకా అయితే తను కూడా అదే చెప్పేది. ఆవేళ మాత్రం గిన్నె తీసి రవ్వని మళ్ళీ మొదటినుంచీ కొలవడం మొదలెట్టింది.

* * *

సలోమి కాలేజీ మానలేదు. జగన్నాథపురం వంతెన అవతల మునిసిపల్ బడిలో ఆరో తరగతికి లెక్కలు చెప్పడానికి బోధనాభ్యాసానికి వెళ్ళింది. వారం తిరక్కుండా ఆమె అక్క మార్త ఆమెని వెంటబెట్టుకుని సుభాషిణి గదికొచ్చింది. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఆమే. ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని చదివించింది. మెళ్ళో టేపు అలాగే ఉంది, తియ్యడం మర్చిపోయినట్టుంది.

సంచిలోంచి మెంతిరంగు పట్టు ముక్క తీసి బల్లమీద పరిచింది.

“ఇది చూడండి మేడమ్ గారూ. పెళ్ళివారి చీర. జాకెట్టుకి అర మీటరు, పొడుగు చేతులకి పావు మీటరు, మొత్తం కలిపి కొయ్యవే అని దీని చేతికిచ్చాను. ఎనిమిదో తరగతి నుంచీ కోస్తున్న పిల్ల. ఇంత ముక్క కోసి పెట్టింది. దీంతో చంటిపిల్లకి కూడా జాకెట్టు రాదు.”

మీటరులో మూడోవంతుంది ఆ ముక్క. సుభాషిణి మనసులో లెక్క వేసుకుంది. పైన ఒకటీ ఒకటీ రెండు, కింద రెండూ నాలుగూ ఆరు. ఆరింట రెండు.

“ఏమే, చూసుకోలేదా అంటే, చూస్తూనే కోశానక్కా, కోసేటప్పుడు సరిగ్గానే ఉందీ అంటోంది,” అంది మార్త. కొంగుతో మొహం తుడుచుకుంది. “చీర పోతే పోయింది, వాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను. దీనికి డీఎస్సీ దగ్గరకొచ్చేసింది. అందులో లెక్కలు చెయ్యాలా, వద్దా? ఆ తలకాయ పట్టీ డాక్టరు బాబుని అడిగాను. మళ్ళీ తెర వేసి, ఆ తప్పుడుదాన్ని కడిగేస్తే పోతుందన్నాడు. కడిగించెయ్యమనండి.”

సుభాషిణి ఆనందవర్ధన్‌కి ఫోన్ చేసింది. కడగడం ఖాయంగా పని చేస్తుందన్నాడు. అయితే కొత్తదాన్ని అంటుకుని తర్వాత పెరిగినదంతా దాంతోపాటే పోతుంది. భిన్నాల గురించి ఈమధ్య బడిలో ఆమె ఏం ఆలోచించినా, ఏం కనిపెట్టినా మిగలదు. ఇంకో సంగతి. అదే చోట మూడోసారి తెర వేసే ధైర్యం తనకి లేదు. ఏం చేసినా ఈ ఒక్కసారే.

“బడిలో నాలుగు రోజులు చెప్పిన పాఠమేగా, పోతే పోనీండి,” అంది మార్త.

పక్కన నిలబడ్డ సలోమి ఆ పట్టు ముక్కని మడతపెట్టింది.

“నువ్వేమంటావమ్మా?” అంది సుభాషిణి.

“మీరే చెప్పండి మేడమ్. సలహా కోసమేగా వచ్చాం.”

సుభాషిణి నోరు తెరిచింది. కడిగించుకో, ఉద్యోగం ముఖ్యం. కడిగించుకోకు, ఏం పోతుందో తెలియదు. మెథడ్ మార్చుకో. మూడూ ఒకేలా సబబుగా వినిపించాయి. ఈ పిల్లకి రోజంతా ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది.

“రేపు మీ బడికొస్తాను. నీ క్లాసు చూశాక మాట్లాడదాం,” అంది చివరికి.

ఆ గదిలోంచి సమాధానం లేకుండా బయటికి వెళ్ళిన మొదటివాళ్ళు ఆ అక్కచెల్లెళ్ళు.

* * *

మునిసిపల్ బడిలో ఆరో తరగతి గది కిటికీకి ఒక రెక్కే ఉంది. సుభాషిణి వెనక బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుంది.

దుర్గ అనే పిల్ల లేచి, అరకి మూడోవంతు కలిపితే రెండు బై ఐదు అంది. క్లాసులో సగంమంది అవునన్నారు.

తన విద్యార్థులు ఇలాంటప్పుడు ఏం చేస్తారో సుభాషిణికి తెలుసు. “తప్పు, కూర్చో, ఇంకెవరు చెబుతారు?” అంటారు. సలోమి అలా అనలేదు. సుద్దముక్క కింద పెట్టి, ఆ పిల్లని వింతగా, ఇష్టంగా చూసింది.

“ఎలా వచ్చిందే నీకు?”

“పైవి పైవి కలిపానండి, కిందవి కిందవి కలిపానండి.”

“నాకూ అలాగే వస్తుంది,” అంది సలోమి. పిల్లలు నవ్వారు. “నిజంగానేనే. పొద్దున్న లేవగానే నాకు కూడా అదే కరెక్టనిపిస్తుంది. పద, ఇద్దరం చూద్దాం. దుర్గా, నువ్వు అర రొట్టె తిన్నావు. ఆకలి తీరలేదు. ఇంకో మూడోవంతు తిన్నావు. ఇప్పుడు మొత్తం తిన్నది అర కంటే ఎక్కువా, తక్కువా?”

“ఎక్కువండి.”

“మరి ఐదు ముక్కలు చేసి రెండే తింటే? అర కంటే ఎక్కువా, తక్కువా?”

దుర్గ వేళ్ళకేసి చూసుకుంది. అయిదు వేళ్ళలో రెండు మడిచింది. అరచెయ్యి తిప్పి చూసింది.

“తక్కువండి,” అంది. కాసేపాగి, గొంతు తగ్గించి, “తింటే తగ్గిందేంటండీ?” అంది.

క్లాసంతా గొల్లుమంది. సలోమి నవ్వలేదు. ఆమె కూడా దుర్గతోపాటు అప్పుడే ఆ వింత చూసినట్టు నోటిమీద చెయ్యి వేసుకుంది. అది నటన కాదు. ఆ తర్వాత కాగితాన్ని అడ్డంగా రెండు భాగాలుగా, నిలువుగా మూడు భాగాలుగా మడతపెట్టించింది. ఆరు గళ్ళు వచ్చాయి. అరకి మూడు గళ్ళు, మూడోవంతుకి రెండు. దుర్గ తన వేలితో ఐదు గళ్ళు లెక్కపెట్టింది. ఆ ఒక్క లెక్కతోనే పీరియడంతా అయిపోయింది.

బయట వేపచెట్టు కింద సలోమి అంది, “ప్రతిసారీ ఇంతే మేడమ్. మొదటినుంచీ నాకు నేను రుజువు చేసుకోవాలి. పిల్లలకైతే బావుంది. డీఎస్సీలో నిమిషానికో ప్రశ్న. అక్కడ రొట్టెలు తింటూ కూర్చుంటే అయ్యేది కాదు.”

“కడిగించుకుంటే?”

“ఐదు బై ఆరు గబుక్కున వచ్చేస్తుంది. అప్పుడు దుర్గ రెండు బై ఐదు అంటే, ఈ పిల్లకింత తెలివితక్కువేంటి అనుకుంటాను. ఇదివరకు అలాగే అనుకునేదాన్ని మేడమ్.” చెప్పుతో మట్టిని రాసింది. “కడిగించుకోమంటారా?”

“నాకు తెలియదమ్మా,” అంది సుభాషిణి.

సలోమి తలెత్తి చూసింది. ఆ మాట సుభాషిణికే కొత్తగా వినబడింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

“నాకు నిజంగా తెలియదు. తొందరపడి చెప్పి, ఇంకో టిక్కు పెట్టలేను. పోనీ ఒకటి చెప్పు. ఇందాక దుర్గతో మాట్లాడావే, నీతో ఎవరైనా అలా మాట్లాడారా?”

“నాతోనా? వీర్రాజు వెరీ గుడ్ అన్నాడు. డాక్టరు గారు తప్పన్నారు. అక్క కోప్పడింది.” సలోమి ఆగింది. “ఎలా వచ్చిందే అని ఎవరూ అడగలేదు మేడమ్.”

* * *

కడగడానికి బదులు, తెర వేసి సలోమికి దుర్గకి చెప్పినట్టే పాఠం చెబుదామంటే ఆనందవర్ధన్ మొదట ఒప్పుకోలేదు. తెర ఉండగా మళ్ళీ పాఠం చెప్పడమేంటి, ఒక పాఠంతో ఇంత అయితే రెండోదాంతో ఏమవుతుందో ఎవరు చెప్పగలరు, కడగడం ఖాయమైన పని, ఇది కాదు అన్నాడు. మార్త అతని పక్షమే. “ఆడుకోవడానికి మా చెల్లే దొరికిందా మీకు?” అంది. జవాబు చెప్పింది సలోమి.

“అక్కా, పట్టు చీర తప్పు కోశానని నాకు మళ్ళీ కత్తెర ఇవ్వకుండా ఉన్నావా?”

“ఇచ్చాను. పక్కన నించుని చూశాను.”

“ఇప్పుడు కూడా పక్కన నించో.”

మార్త వచ్చింది. మెళ్ళో టేపుతోనే వచ్చి, గోడకానుకుని నిలబడింది.

పాఠం చెప్పేది వీర్రాజే కావాలంది సలోమి. అతను మూడు రోజులు సుభాషిణి వెంట పడ్డాడు. “మేడమండి, నావల్ల పాడైంది, మళ్ళీ నా చేతికే ఇస్తారా? ఇంకెవరినైనా పెట్టండి, దణ్ణం పెడతాను.”

“నువ్వయితే ఈసారి వింటావు,” అంది సుభాషిణి.

పట్టీ కట్టారు. ఆనందవర్ధన్ మీట నొక్కాడు. సలోమి కళ్ళలో వెలుగు ఒక్కసారి పలచబడినట్టయింది. బోర్డు మీది అంకెల్ని పరాయివాళ్ళని చూసినట్టు చూసింది. వెనక బెంచీలో సుభాషిణి పరిశీలన కాగితం ముందు పెట్టుకుని పెన్ను పట్టుకుంది.

వీర్రాజు కాగితం ముక్క చేతికిచ్చి, అదే ప్రశ్న అడిగాడు. సలోమి వేళ్ళు మడిచింది. అదే సంతోషం మొహమంతా పరుచుకుంది.

“రెండు బై ఐదు సార్!”

వీర్రాజు పెదవులు విచ్చుకున్నాయి. ఆరు నెలల అలవాటు గొంతులోకి వచ్చి ఆగిపోయింది.

“ఎలా వచ్చింది?” అన్నాడు.

సలోమి చెప్పింది. అతను విన్నాడు. తల కూడా ఊపలేదు. రొట్టె గురించి అడిగాడు. ఆమె తడబడింది, మళ్ళీ మొదటికొచ్చింది, “నాకు రావట్లేదు సార్,” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వీర్రాజు సుభాషిణికేసి చూశాడు. ఆమె ఏ సైగా చెయ్యలేదు. ఏ సైగ చెయ్యాలో ఆమెకీ తెలియలేదు. అతను నేలమీద సలోమి పక్కన కూర్చుని, “నాకూ ఒక్కోసారి రాదు. మడత పెట్టి చూద్దాం,” అన్నాడు.

మడిచారు. గళ్ళు లెక్కపెట్టారు. “ఐదు...” అంది సలోమి. “ఆరింట్లో ఐదు?”

వీర్రాజు నోరు తెరిచాడు.

“ఆగండి సార్, ఏమీ అనకండి,” అంది సలోమి. “ఇంకోసారి చూసుకోనివ్వండి.”

చూసుకుంది. గంట కొట్టారు. ఆనందవర్ధన్ పట్టీ విప్పాడు.

సలోమి కళ్ళు నులుముకుంది. మార్త గోడ దగ్గర నుంచే అడిగింది. “అర మీటరు, పావు మీటరు. కలిపి ఎంతే?”

“ముప్పావు మీటరక్కా.”

“అరకి మూడోవంతు?” అంది సుభాషిణి.

“ఐదు బై ఆరు.” వెంటనే రాలేదు, కానీ వచ్చింది.

“మరి ఆ రెండోది? పోయిందా?”

సలోమి లోపలికి తొంగిచూసుకుంటున్నట్టు కళ్ళు మూసుకుంది.

“పోలేదు మేడమ్. ఉంది. కానీ అదిప్పుడు దుర్గది. నాది కాదు.”

మార్త వచ్చి చెల్లెలి నుదుటిమీద పట్టీ చార పడ్డచోట బొటనవేలితో రాసింది. డీఎస్సీలో నిమిషానికో ప్రశ్న చెయ్యగలదో లేదో ఎవరికీ తెలియదు.

వీర్రాజు నెమ్మదిగా వెనక బెంచీ దగ్గరికొచ్చాడు.

“మేడమండి, ఇది కూడా ప్రోత్సాహక నైపుణ్యం కిందే రాస్తారా? ఒక్క వెరీ గుడ్డూ అనలేదు. నాకు మార్కులెన్ని?”

సుభాషిణి కాగితం చూసుకుంది. ఒక్క టిక్కూ లేదు. లెక్క ప్రకారం సున్నా. పెన్ను ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది.

“ఉండవయ్యా,” అంది. “నన్ను కూడా ఇంకోసారి చూసుకోనీ.”